వాచీ పట్టుకున్న పిల్లోడు

(2025 ఆగస్టు 29, జాతీయ క్రీడా దినోత్సవం నాడు అనంతపురం జిల్లా యాడికిలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)

ముందు వరుసలో కూర్చున్న అమ్మకు, అంటే మా డ్రిల్లు సార్ భార్యకు, ప్రత్యేకంగా నమస్కారం. వేదిక ఎక్కేటప్పుడు పక్కనుండి చెయ్యి అందించిన పిల్లలకు కృతజ్ఞతలు. నా కుడికాలి సంగతి ఈ ఊరికి కొత్త కాదు. రెండేళ్ల వయసులో పోలియో వచ్చింది. అప్పట్లో ఈ పక్క పల్లెల్లో వీధికొకరం ఉండేవాళ్లం.

1976 జనవరి 26. నేను ఏడో తరగతి. హైస్కూలు గ్రౌండులో ఆటల పోటీలు. సున్నంతో గీతలు గీశారు. పిల్లలందరూ పరుగుకు నిలబడితే నేను ఎప్పటి మాదిరే గట్టు మీద కూర్చున్నాను. సార్ నన్ను పిలిచి తన మెడలో ఉన్న స్టాప్‌వాచీ తీసి నా చేతిలో పెట్టినారు. "నువ్వు టైము చూడరా" అన్నారు. గుండ్రటి వాచీ, పైన మీట. మీట నొక్కితే ముల్లు కదిలేది, ఇంకోసారి నొక్కితే నిలిచేది. ఆ పొద్దు యాడికి మొత్తానికి నాకంటే గొప్పవాడు లేడనుకున్నాను. గెలిచినోళ్ల టైములన్నీ నా చేత్తోనే సార్ నోటుబుక్కులో రాసినాను. పదో తరగతి అయ్యేదాకా ఆ పని నాదే.

ఈ ఉపన్యాసానికి ఏం మాట్లాడాలని కమిటీ వాళ్లు అడిగితే, మంచు మీద ఆడే వికలాంగుల ఆటల గురించి, వాటికి పోయే జాతీయ జట్ల గురించి మాట్లాడతానన్నాను. వాళ్లు కొంచెం తటపటాయించారు. యాడికిలో మంచు ఏంది అని వాళ్ల అనుమానం. మే నెలలో నాపరాయి బండ మీద కాలు పెట్టలేని ఊరు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే కడుపు నిండినట్టు సంబరపడే జిల్లా. అయినా ఈ మాట ఇక్కడే చెప్పాలి. ఎందుకో చెప్తాను.

నేను వాచీ పట్టుకున్న నెలకు, 1976 ఫిబ్రవరి 21న, స్వీడన్‌లోని ఓర్న్‌షోల్డ్‌స్విక్ అనే ఊర్లో మొట్టమొదటి శీతాకాల పారాలింపిక్స్ మొదలైనాయి. 16 దేశాల నుంచి వచ్చినారు. కాళ్లు చేతులు పోయినవాళ్లు, చూపు లేనివాళ్లు కొండవాలు మీద, మంచు బయళ్లలో స్కీలు కట్టుకొని పోటీ పడినారు. అక్కడికి వచ్చినవాళ్లలో టోఫిరి కిబూకా అనే అంధుడు ఒకడు. ఆయనది స్వీడనూ కాదు, నార్వే కూడా కాదు. భూమధ్యరేఖ దాటిపోయే ఉగాండా. శీతాకాల పారాలింపిక్స్‌లో దిగిన తొలి ఆఫ్రికా మనిషి ఆయన. అంతకు ముందు 1969లో మరికొందరు అంధులతో కలిసి కిలిమంజారో ఎక్కినవాడు. తర్వాత నార్వేలో స్థిరపడి ఆ దేశం తరఫున కూడా ఆడినాడు. ఉగాండాలో మంచెక్కడిది అని ఆయన్ను కూడా ఎవరో అడిగే ఉంటారు.

ఈ ఆటలు ఎట్లా పుట్టినాయో కొంచెం చెప్పాలి. రెండో ప్రపంచ యుద్ధంలో కాళ్లు పోగొట్టుకున్న కుర్రవాళ్లు యూరప్‌లో వేలల్లో ఉండేవారు. ఆస్ట్రియాలో సెప్ జ్విక్‌నాగెల్ అనే ఆయనకు గ్రెనేడ్ పేలి రెండు కాళ్లూ పోయినాయి. ఆయన కృత్రిమ కాళ్లకే స్కీలు బిగించుకొని వాలు దిగడం అభ్యాసం చేసినాడు, తర్వాత ఇతరులకు నేర్పినాడు. 1948లో ఆస్ట్రియాలోని బాడ్‌గాస్టైన్‌లో అంగవైకల్యం ఉన్న స్కీయర్లకు పోటీ పెడితే 17 మంది వచ్చినారు. గట్టిగా లెక్కబెడితే మన ఊరి బస్సులో సగం సీట్లు కూడా నిండవు. అదే ఏడాది ఇంగ్లండులో గట్‌మన్ అనే డాక్టరు స్టోక్ మాండెవిల్ ఆసుపత్రి ఆవరణలో వీల్‌చైర్ సైనికులకు విలువిద్య పోటీ పెట్టినాడు. వేసవి పారాలింపిక్స్‌కు అది విత్తనమైంది. అక్కడా సైనికులే, ఇక్కడా సైనికులే. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

ఇప్పుడు ఆట ఎట్లా ఆడతారో చూద్దాం. కూర్చొని ఆడేవాళ్లకు ఒకే స్కీ మీద బిగించిన కుర్చీ ఉంటుంది, కింద మోటార్ సైకిల్‌కు ఉన్నట్టు షాక్ అబ్సార్బరు ఉంటుంది. చేతుల్లో చంకకర్రల మాదిరి రెండు కర్రలు, వాటి చివర చిన్న స్కీలు. ఆ కుర్చీతో కొండవాలు మీద కారు వేగంతో దిగుతారు. ఐస్ హాకీలో ఇనుప చట్రంలాంటి స్లెడ్జి మీద కూర్చొని రెండు చేతుల్లో రెండు పొట్టి కర్రలు పట్టుకుంటారు. కర్రకు ఒక కొసన ఇనుప పళ్లు ఉంటాయి, వాటితో మంచును పొడిచి ముందుకు పోతారు. రెండో కొసతో కొడతారు. 1960లలో స్టాక్‌హోమ్‌లోని ఒక పునరావాస కేంద్రంలో ఉన్నవాళ్లు, మాకూ హాకీ కావాలని పట్టుబట్టి చేసుకున్న ఆట ఇది. కర్లింగ్ అని ఇంకొకటి ఉంది, అది మన తాడిపత్రి బండల పనోళ్లు చూడాల్సిన ఆట. 19 కిలోలకు పైబడిన గ్రానైటు రాయిని మంచు మీద జార్చి గురి చోటికి చేర్చాలి. మామూలు కర్లింగ్‌లో రాయి ముందు చీపుర్లతో మంచు రుద్దుతూ దాని దారి సరిచేస్తారు. వీల్‌చైర్ కర్లింగ్‌లో ఆ రుద్దడం లేదు. రాయి చేతి నుంచి వదిలిన తర్వాత ఇక దాన్ని ఎవరూ సరిచేయలేరు.

నాకు అన్నింటికంటే ఆశ్చర్యం అంధుల బయథ్లాన్. స్కీల మీద కిలోమీటర్లు ఉరికి, ఆయాసపడుతూ పడుకొని, తుపాకీ కాల్చాలి. చూపు లేని మనిషి గురి ఎట్లా చూస్తాడు? చెవిలో హెడ్‌ఫోను ఉంటుంది. తుపాకీ గురి మధ్యకు దగ్గరపడే కొద్దీ చెవిలో శబ్దం సన్నబడి పైస్థాయికి పోతుంది. హార్మోనియం మెట్లు ఎక్కినట్టు అనుకోండి. ఆ పై స్వరం అందిన క్షణాన మీట లాగాలి. గుండె దడదడలాడుతుంటే ఆ శబ్దం ఒక్కటే వినాలి. ఈ మధ్య నేను కళ్లు మూసుకొని, గోడ గడియారం టిక్కు టిక్కు ఒక్కటే వింటూ పది మెట్లు ఎక్కి చూసినాను. ఆరో మెట్టుకే గడియారం పోయి నా ఊపిరి మాత్రమే వినిపించింది.

ఇక లెక్క గురించి. ఈ సభలో, వైకల్య ధ్రువపత్రం ఇచ్చే సదరం క్యాంపుకు పోని కుటుంబం తక్కువ. పొద్దున్నే పోయి వరుసలో నిలబడి, డాక్టరు ఎంత శాతం రాస్తాడో అని బిక్కుబిక్కుమంటూ చూస్తాం. 40 శాతం రాస్తే పింఛను, 38 రాస్తే ఇంటికి. నేను కూడా నిలబడినవాణ్ణే, ఆ వరుసను చులకన చేయను. ఆ శాతమే ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలిగిస్తోంది. అయితే మంచు ఆటల్లో కూడా ఒక శాతం ఉంది. ఒంటికాలితో దిగేవాడు, నడుము కింద స్పర్శ లేనివాడు, చూపు లేనివాడు, అందరూ ఒకే వాలు మీద పోటీ పడితే న్యాయం ఎట్లా? అందుకని నిలబడేవాళ్లు, కూర్చొనేవాళ్లు, చూపు సమస్య ఉన్నవాళ్లు అని మూడు వర్గాలు చేసినారు. ఒక్కో వర్గంలో మళ్లీ వైకల్యం తీరును బట్టి ఒక్కొక్కరి గడియారాన్ని వేరువేరుగా నడిపిస్తారు. ఉదాహరణకు ఒకరికి 86 శాతం అని నిర్ణయించినారనుకుందాం. ఆ మనిషి పది నిమిషాల్లో పూర్తి చేస్తే లెక్కలోకి వచ్చేది 8 నిమిషాల 36 సెకండ్లు. ఆ మనిషి కోసం గడియారమే నెమ్మదిగా నడుస్తుంది.

ఈ రెండు శాతాల తేడా నాకు చాలా ఏళ్లు నిద్ర లేకుండా చేసింది. ఒకటేమో నీకు ఏం లేదో కొలుస్తుంది. ఇంకోటి, నీకు లేనిది పక్కకు తీసి, ఉన్నదాంతో నువ్వు ఎంత చేసినావో కొలుస్తుంది. మొదటిది మన బిడ్డల్లో చాలామందికి అందింది, మిగిలినవాళ్లకు కూడా అందాలి. రెండోది ఎంతమందికి అందింది?

ఇక్కడ ఒక తికమక తీర్చాలి. పత్రికల్లో కూడా ఈ తప్పు కనిపిస్తుంది. పారాలింపిక్స్ వేరు, స్పెషల్ ఒలింపిక్స్ వేరు, బధిరుల డెఫ్లింపిక్స్ వేరు. బధిరుల ఆటలు అన్నింటికంటే పాతవి. 1924లో పారిస్‌లో మొదలైనాయి, 1949లోనే ఆస్ట్రియాలోని సీఫెల్డ్‌లో శీతాకాలం ఆటలు జరుపుకున్నారు. స్పెషల్ ఒలింపిక్స్ బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలవి, పెద్దలవి. 1968లో అమెరికాలో యూనిస్ కెనడీ ష్రైవర్ మొదలుపెట్టింది. 1977లో కొలరాడోలోని స్టీమ్‌బోట్ స్ప్రింగ్స్‌లో తొలి శీతాకాల పోటీలు జరిగినాయి. పారాలింపిక్స్‌లో ప్రపంచంలో ఎవరు మేటి అన్నదే ప్రశ్న. స్పెషల్ ఒలింపిక్స్‌లో ముందు అందరికీ పరీక్ష పరుగులు పెట్టి, దాదాపు సమాన శక్తి ఉన్నవాళ్లను, మధ్య తేడా సుమారు 15 శాతం దాటకుండా, ఒక్కో గుంపుగా చేసి పోటీ పెడతారు. కాబట్టి అక్కడి పతకాల సంఖ్యను పారాలింపిక్స్ పతకాల సంఖ్య పక్కన పెట్టి పోల్చడం రెండింటికీ అన్యాయం.

బుద్ధిమాంద్యం ఉన్నవాళ్లకు పారాలింపిక్స్‌లో కూడా ఒకప్పుడు చోటు ఉండేది. 1998 నగానో శీతాకాల ఆటల్లో వాళ్లు స్కీయింగ్ చేసినారు. 2000లో సిడ్నీ వేసవి ఆటల్లో వాళ్ల విభాగంలో స్పెయిన్ బాస్కెట్‌బాల్ జట్టు బంగారు పతకం గెలిచింది. తర్వాత తేలింది ఏమంటే, 12 మంది ఆటగాళ్లలో 10 మందికి ఏ వైకల్యమూ లేదు. ఆ మోసం చేసిన వాళ్లు ఆరోగ్యంగా ఇంటికి పోయినారు. శిక్ష పడింది మాత్రం ప్రపంచంలోని బుద్ధిమాంద్యం ఉన్న ఆటగాళ్లందరికీ. వాళ్ల విభాగాలన్నీ ఆపేసినారు. వేసవి ఆటల్లో 2012లో మళ్లీ తలుపు తెరిచినారు. ఆ తలుపులో నుంచే మన వరంగల్ జిల్లా కల్లెడ పిల్ల జీవాంజి దీప్తి లోపలికి పోయింది. 2024 మేలో కోబేలో 400 మీటర్లు 55.07 సెకండ్లలో ఉరికి ప్రపంచ రికార్డు పెట్టింది, సెప్టెంబరులో పారిస్‌లో కంచు పతకం తెచ్చింది. ఆమెను చిన్నప్పుడు ఊర్లో ఏమేం మాటలన్నారో ఆమె తల్లిదండ్రులు పత్రికలకు చెప్పినారు, నేను ఇక్కడ తిరిగి చెప్పను. 55.07 అన్న లెక్క వచ్చిన తర్వాత ఆ మాటలు అనే నోరు లేదు. శీతాకాల పారాలింపిక్స్‌లో మాత్రం ఆ తలుపు ఇంకా మూసే ఉంది.

ఇప్పుడు మన దేశం సంగతి. 1976 నుంచి 2022 బీజింగ్ దాకా 13 శీతాకాల పారాలింపిక్స్ జరిగినాయి. ఒక్కదాంట్లోనూ భారత జట్టు లేదు. బీజింగ్‌కు 46 దేశాలు వచ్చినాయి. 560 మందికి పైగా ఆడినారు. మనవాడు ఒక్కడు లేడు. ఇదే దేశం 2024 పారిస్ వేసవి పారాలింపిక్స్ నుంచి 29 పతకాలు తెచ్చింది. 1972లోనే హైడెల్‌బర్గ్‌లో మురళీకాంత్ పేట్కర్ ఈతలో బంగారు పతకం తెచ్చినాడు. 1965 యుద్ధంలో తూటాలు తగిలిన జవాను ఆయన.

మంచు లేదు కాబట్టి పోలేదంటే నేను ఒప్పుకోను. గుల్మార్గ్ ఉంది, ఔలీ ఉంది, నార్కండ ఉంది, లద్దాఖ్‌లో గడ్డకట్టే చెరువులు ఉన్నాయి. సియాచిన్‌లో 1984 నుంచి మన జవాన్లు కాపలా కాస్తున్నారు. ఆ చలికి వేళ్లు, పాదాలు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. ఆస్ట్రియాలో 1948లో ఎవరితో మొదలైందో చెప్పినాను కదా. మంచు మీద నడక తెలిసిన, మంచులోనే కాలు పోగొట్టుకున్న మనుషులు ఈ దేశంలో ఉన్నారు. లేనిది వాళ్ల దగ్గరికి స్కీ కుర్చీ తీసుకుపోయిన చెయ్యి.

అది కుదిరే పనేనా అంటే, మన సీమ మనిషినే సాక్ష్యం పిలుస్తాను. కొంగనపల్లి నారాయణ, పాత కర్నూలు జిల్లా బిడ్డ. సైన్యంలో ఉండగా 2015లో జమ్మూ కశ్మీర్‌లో మందుపాతర పేలి కాలు పోయింది. పుణెలో సైన్యం నడిపే పారా క్రీడల కేంద్రంలో తెడ్డు పట్టినాడు. అనిత అనే తోటి క్రీడాకారిణితో జోడీగా హాంగ్‌ఝౌ ఆసియా పారా క్రీడల్లో వెండి పతకం, పారిస్ పారాలింపిక్స్‌లో ఎనిమిదో స్థానం. నీళ్ల కోసం ట్యాంకరు వెనకాల బిందెలతో ఉరికే సీమ నుంచి ఒక మనిషి పోయి పడవ నడిపినాడు. ఒక శిబిరం, ఒక కోచ్, ఒక పడవ, నాలుగేళ్ల ఓపిక ఉంటే ఇది జరుగుతుంది.

చైనా సంగతి వినండి. 2002లో సాల్ట్‌లేక్ సిటీకి మొదటిసారి పోయినారు. 16 ఏళ్లు ఒక్క పతకం లేదు. ఒట్టి చేతులతో పోయి ఒట్టి చేతులతో వచ్చినారు, అయినా పోవడం మానలేదు. 2018లో ప్యాంగ్‌చాంగ్‌లో తొలి పతకం వచ్చింది. అది వీల్‌చైర్ కర్లింగ్‌లో, అదీ బంగారమే. నాలుగేళ్లకు బీజింగ్‌లో 61 పతకాలు, అందరికంటే ముందు. వాళ్ల దగ్గర డబ్బు ఉంది, నిజమే. అయితే ఆ 16 ఏళ్లు డబ్బుతో రాలేదు. బ్రెజిల్‌కు మనకంటే మంచు తక్కువ. అక్కడివాళ్లు తారు రోడ్డు మీద చక్రాల స్కీలతో సాధన చేసి మంచులో దిగుతారు. క్రిస్టియన్ రిబేరా అనే కుర్రవాడు కీళ్లు బిగుసుకుపోయిన జబ్బుతో పుట్టి, 2018లో పదిహేను కిలోమీటర్ల పోటీలో ఆరో స్థానంలో నిలిచినాడు. తాడిపత్రి నుంచి గుత్తికి తారు రోడ్డు మనకూ ఉంది.

స్పెషల్ ఒలింపిక్స్‌లో మాత్రం మన దేశం ముందే మేలుకుంది. 2013లో కొరియా ప్యాంగ్‌చాంగ్ నుంచి 46 పతకాలు, 2017లో ఆస్ట్రియా నుంచి 73, 2025 మార్చిలో ఇటలీ టురిన్ నుంచి 33. టురిన్‌కు 30 మంది ఆటగాళ్లు పోయినారు. మధ్యలో ఎనిమిదేళ్లు ఖాళీ ఎందుకంటే రష్యాలోని కజాన్‌లో జరగాల్సినవి యుద్ధం వల్ల రద్దయినాయి. పతకాలు పోల్చొద్దని నేనే చెప్పినాను కాబట్టి ఈ సంఖ్యల దగ్గర ఆగను. నాకు ముఖ్యమైంది వేరే ఉంది. ఆ శీతాకాల పోటీల్లో చాలా ఏళ్లు ఫ్లోర్ హాకీ అని ఒక ఆట ఉండేది. దానికి మంచే అక్కరలేదు. మంచు లేని దేశాల పిల్లలు కూడా శీతాకాల పోటీలకు రావాలని గచ్చు మీద ఆడే ఆటను అందులో చేర్చినారు. ఇప్పుడు దాని బదులు ఫ్లోర్‌బాల్ వచ్చింది, అదీ గచ్చు మీదే.

ఫ్లోర్ హాకీ సంగతి నాకు తెలిసిన రోజు నేరుగా సార్ ఇంటికి పోయినాను. అప్పటికి నేను బుద్ధిమాంద్యం పిల్లల బడిలో ప్రత్యేక ఉపాధ్యాయుణ్ణి, సార్ రిటైరై చాన్నాళ్లయింది. "గచ్చు చాలు సార్, మంచు అక్కరలేదు" అంటే ఆయన కాసేపు ఆలోచించి "మన బండల కంటే నున్నటి గచ్చు ఈ భూమ్మీద ఎక్కడుందిరా" అన్నారు. అట్లా మొదలైంది. ఒక పాలిషింగ్ ఫ్యాక్టరీ షెడ్డు ఆదివారాలు ఖాళీగా ఉండేది, యజమాని ఒప్పుకున్నాడు. రాతిపొడి ఊడ్చి, తడిగుడ్డతో తుడిచి, ఆరబెడితే గచ్చు అద్దం మాదిరి తయారయ్యేది.

ఆ ఆటలో బంతి ఉండదు. దళసరి ఉన్ని బిళ్ల, రొట్టెంత వెడల్పు, మధ్యలో రంధ్రం. ఆటగాడి కర్రకు వంకర ఉండదు, నిలువు కర్ర. దాని కొసను రంధ్రంలో పెట్టి బిళ్లను జార్చుకుంటూ పోవాలి. అసలు బిళ్ల కొనడానికి మా దగ్గర డబ్బు లేదు. సార్ ఇంట్లో పాత కంబడి ఒకటి ఉండేది, ఆయన తండ్రి గొర్రెల కాడికి కప్పుకుపోయింది. అమ్మను అడిగి ఆ కంబడిని గుండ్రంగా ఎనిమిది పొరలు కత్తిరించినాము. బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే ఆయన పొరలన్నీ కలిపి మైనపు దారంతో కుట్టి, రంధ్రం అంచుకు తోలు తొడిగినాడు. ఇంటికి తెచ్చి తూకం వేస్తే 210 గ్రాములు. అసలు కొలత 140 నుంచి 225 గ్రాముల మధ్య ఉండాలి. సార్ ఆ తక్కెడ ముల్లును చూసిన చూపు నేను మర్చిపోలేను. కర్రలకు వెదురు బొంగులు, కొసలకు సైకిల్ ట్యూబు చుట్టినాము.

ఆ ఆట నిబంధనల్లో సార్‌కు బాగా నచ్చింది ఒకటుంది. మూడు నిమిషాలకొకసారి ఆటగాళ్లు మారాలి, జట్టులో ఉన్న ప్రతి ఒక్కరూ దిగి తీరాలి. బెంచీ మీద ఎవరినీ ఊరికే కూర్చోబెట్టకూడదు. "ఇది రాసినోడు ఎవడో గాని మంచి డ్రిల్లు మాస్టరు" అన్నారు.

ఆ షెడ్డులో ఒక పిల్ల ఉండేది, డౌన్ సిండ్రోమ్ బిడ్డ, పద్నాలుగేళ్లు. తల్లి మగ్గం నేస్తుంది. మొదటి రెండు నెలలు ఆ పిల్ల కర్ర పట్టుకొని నిలబడిన చోటు కదిలేది కాదు, బిళ్ల ఎదురుగా జారి పోయినా నవ్వేది. ఒక ఆదివారం బిళ్ల ఆమె కర్రకే తగిలి ఆగింది. కొస రంధ్రంలో పడింది. ఆ పిల్ల తల వంచి బిళ్లనే చూస్తూ అడుగులు వేసింది, తర్వాత ఉరికింది. గోలు దాకా పోయి కొట్టింది, గోలీ ఆపినాడు. ఆ పూట ఆమె జట్టు 3-2తో ఓడింది. ఆట అయిపోయిన తర్వాత ఆ పిల్ల కర్ర కింద పడేసి, గోడకు మొహం పెట్టి ఏడ్చింది. తల్లి ఉరికొచ్చి "ఎందుకు సార్ ఈ ఆటలు, పిల్ల ఏడుస్తా ఉంది" అంది. నేను ఏదో సర్దిచెప్పబోతే సార్ చెయ్యెత్తి నన్ను ఆపినారు. "ఏడ్చనీ తల్లీ. ఇన్నాళ్లూ పిల్లను చూసి మనం ఏడ్చినాము. ఇది గోలు తప్పిందని ఏడుస్తా ఉంది" అన్నారు. ఆ తల్లి కొంగుతో పిల్ల మొహం తుడిచి, కింద పడిన కర్ర తీసి పక్కన నిలబెట్టింది. మరుసటి ఆదివారం అందరికంటే ముందు వాళ్లే వచ్చినారు.

ఒక బాధ కూడా చెప్పుకోవాలి. మా పిల్లల్లో ఒకడికి పై స్థాయి ఎంపికకు పిలుపు వచ్చింది. బడి రికార్డులో పుట్టిన తేదీ ఒకటి, ఆధార్‌లో ఇంకొకటి. సరిచేయించడానికి వాడి నాయన కూలి మానుకొని ఒక కార్యాలయం చుట్టూ పదకొండుసార్లు తిరిగినాడు. కాగితం చేతికొచ్చేసరికి శిబిరం ముగిసి పన్నెండు రోజులైంది. వాడు ఇప్పుడు శనక్కాయల మండీలో మూటలు మోస్తాడు. ఇప్పటికీ నేను కనబడితే "సార్, హాకీ ఎప్పుడు?" అంటాడు. దయచేసి మీ బిడ్డల కాగితాలు ఇప్పుడే చూసుకోండి. బడి సర్టిఫికెట్, ఆధార్, సదరం, మూడింట్లో పేరు, తేదీ ఒకటిగా ఉండాలి.

మన జిల్లాలో ఈ పనికి పునాది లేకపోలేదు. 1969లో అనంతపురం వచ్చిన విన్సెంట్ ఫెర్రర్, ఆయన స్థాపించిన ఆర్డీటీ సంస్థ, పల్లెల్లో వికలాంగుల సంఘాలు కట్టించినారు, ప్రత్యేక బడులు నడిపినారు, అనంతపురంలో క్రీడాగ్రామం కట్టినారు. ఆ పనుల్లో పెరిగిన పిల్లలు ఈ సభలో కూడా ఉన్నారు. ఇక చేయాల్సింది ప్రతి మండలంలో వారానికి రెండు గంటలు, ఒక నున్నటి గచ్చు, ఒక వాచీ, కూర్చోబెట్టకుండా ఆడించే ఒక మనిషి. 2026 మార్చిలో ఇటలీలోనే, మిలానో కోర్టినాలో, 14వ శీతాకాల పారాలింపిక్స్. మొదటి పోటీలకు అప్పటికి 50 ఏళ్లు నిండుతాయి.

చివరగా సార్ మాట. మూడేళ్ల కిందట, పోవడానికి నెల ముందు, మంచంలో ఉన్నారు. నన్ను పిలిపించినారు. "ఒరేయ్, ఆ పొద్దు నీ చేతికి వాచీ ఇచ్చి మంచి పని చేసినా అనుకున్నా. తప్పు చేసినా రా" అన్నారు. నాకు అర్థం కాలేదు. "వాచీ నేను పట్టుకోని నిన్ను ఉరికించల్సింది" అన్నారు. "ఎట్లా ఉరికేవాణ్ణి సార్, ఈ కాలు పెట్టుకోని?" అంటే, "ఎట్లనో ఒకట్ల. పడుతూ లేస్తూ. ఎంత పట్టిందో అంత రాసేవాణ్ణి. నీ పేరుకు ఎదురుగా ఒక లెక్క ఉండేది" అన్నారు.

మరుసటి పొద్దు ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి వీధిలోకి తెచ్చినాము. నూరు మీటర్లు కొలిచి, అవతలి కొసన అమ్మ చీర అంచు ఒకటి పట్టుకొని నిలబడింది. సార్ చెయ్యి వణుకుతా ఉంది, అయినా వాచీ ఎవరికీ ఇవ్వలేదు. చంకకర్రతో నేను ఉరికినాను. ఉరికినాననే అంటాను. మధ్యలో ఒకసారి పడినాను. 1976లో నేను రాసిన పేజీల తర్వాత, ఆయన సొంత దస్తూరీతో నా పేరు, దానికి ఎదురుగా 1 నిమిషం 47 సెకండ్లు అని ఆ నోటుబుక్కులో ఉంది. చూడాలనుకున్నవాళ్లు సభ అయిన తర్వాత వచ్చి చూడండి.

వచ్చే ఆదివారం పొద్దున ఆరున్నరకు హైస్కూలు గ్రౌండులో ఉంటాను. వాచీ, నోటుబుక్కు రెండూ తెస్తాను. ఇంట్లో కూర్చోబెట్టిన బిడ్డల్ని పిలుచుకొని రండి.